రూతమ్మ వేసిన పొయ్యి

రూతమ్మ మోకాళ్ల మీద కూర్చుని పొగలేని పొయ్యిలోకి చెయ్యి పెట్టింది. ఎప్పటిలాగే చల్లగా ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందర ముగ్గు కూడా వేశారు. పూజకు లోటు లేదు, మంటే లేదు. పక్కన పాత మూడురాళ్ల పొయ్యి మీద సంకటి ఉడుకుతోంది. ఇల్లంతా పొగ. మూల చాప మీద మునెమ్మవ్వ దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోతోంది.

"ఇంకా వెలిగించలేదా అక్కా?"

"రేపు వెలిగిస్తామ్మా" అంది ఆ ఇంటి కోడలు అక్కమ్మ, తల ఎత్తకుండా.

పెనుకొండ పక్కనున్న ఈ పల్లెకు సేవ చేద్దామని అమెరికా నుంచి వచ్చిన పిల్ల రూత్. ఊరు ఆమెను రూతమ్మను చేసుకుంది. వానలు ముఖం చాటేసిన పంతొమ్మిది వందల అరవై అయిదులో బిందెడు నీళ్లకోసం అందరితోపాటు బావి దగ్గర కాచుకుంది. మట్టి తొక్కింది, పేడ కలిపింది, చేతులు పగిలినా ఇంటింటా పొయ్యి వేసింది. ఆమె కారం తిని కళ్లనీళ్లు పెట్టుకుంటే నవ్విన ఆడవాళ్లే తర్వాత "మా బిడ్డ" అన్నారు. అయినా ఒక్క పొయ్యి మీదా వంట మొదలు కాలేదు. ఎవరినడిగినా అదే "రేపు". పోనీలే అని వదిలేసే మనిషి కాదు. రోజూ వీధి మొదలు నుంచి చివరిదాకా పొయ్యిల్లో చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయేది. అంత ఓపిక కన్నతల్లికైనా ఉంటుందో లేదో.

ఈ పొద్దు మాత్రం ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"నాకు రేపు లేదక్కా. ఇంకాసేపటికి బస్సెక్కి మా దేశానికి పోతాండా. ఎందుకు వెలిగించరో చెప్పండి. నా పని బాగలేదా?"

అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి అవ్వే చెప్పింది.

"పని బంగారట్ల ఉండాది బిడ్డా. మొదటి దినం ఈ పొయ్యి మీద పాలు పెడితిమే, పొంగక ముందే దించేస్తివి. పాలు పొంగని పొయ్యి మీద కూడెట్ల వండేది? మొదటిదే అట్లాయె అని ఊర్లో ఎవురూ ముట్టీలేదు. నీ చేత్తో మొదలైన పని, నీ చేతి మీదే పొంగల్ల."

"అప్పుడే చెప్పకూడదా అవ్వా?"

"ఊరుగాని ఊరొచ్చిన దానివి. నొచ్చుకుంటావని."

రూతమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె పాడిరైతు కూతురు. తెల్లారకముందే ఆవుల పక్కన కూర్చున్న బాల్యం ఆమెది. చుక్క ఒలికితే తల్లి ఊరుకునేది కాదు. కరువు రోజుల్లో పాలు పొయ్యిపాలు కాకూడదనే ఆనాడు అంత చురుగ్గా దించింది!

అక్కమ్మ చెంబుడు పాలు తెచ్చింది. పాత పొయ్యి ఆర్పి కొత్త పొయ్యి రాజేశారు. పాలు మీగడ కట్టి అంచుకు లేచాయి. రూతమ్మ చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్లో అదిమిపెట్టుకుంది. పాలు చుయ్యిమని పొంగి పొయ్యి మీద పారాయి. పొగ గొట్టంలోంచి పైకి పోయింది. అవ్వకు దగ్గు వస్తుందేమోనని రూతమ్మ కాచుకుంది. రాలేదు.

వార్త వీధంతా పాకింది. "మా ఇంటికీ రామ్మా, మా పాలూ నువ్వే పొంగించల్ల" అంటూ ఆడవాళ్లు చెంబులతో గడపలో మూగారు. అంతలో రోడ్డు మీద హిందూపురం బస్సు హారన్ మోగింది. రూతమ్మ అవ్వ కాళ్లకు మొక్కి, సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. ఊరు ఊరంతా వెంట పరుగెత్తింది. ఎవరూ ఆమె కాళ్లవైపు చూడలేదు.

బస్సు వెళ్లిపోయింది. అక్కమ్మ కళ్లు తుడుచుకుంటూ ఇంటికొచ్చేసరికి, లోపలికెళ్లిన మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, మడమల దగ్గర అరిగిన తోలు చెప్పుల జత గడప పక్కనే ఉంది.