మేకుల టైర్ల మోత

మేకులున్నవా లేనివా అంటే ఏం చెప్పను, ఇన్నేళ్ళూ టైర్ల సంగతి మా ఆయన కల్మెర్ చూసుకునేవాడు, ఆవుల కాన్పులూ గుర్రాల గిట్టలూ నేను చూసుకునేదాన్ని, ఇప్పుడతను సముద్రం అవతల, మా ఎస్తోనియా మగాళ్ళకి పని దొరికే ఫిన్లాండులో, ఎవరో ఆవిడ కారుకి చలికాలపు టైర్లు బిగిస్తూ ఉంటాడు, నేనేమో వోరు ఊళ్ళో ఈ రబ్బరు వాసన కొట్టులో నిలబడి, దూడ పొట్ట నొక్కినట్టు టైరు నొక్కి చూస్తున్నాను, దానికి జ్వరం లేదులే డాక్టరమ్మా, అని నవ్వుతున్నాడు కొట్టు యజమాని యూలర్, మీది నాలుగు చక్రాలూ లాగే బండి, ఏ టైరైనా కొండెక్కేస్తుంది, మరి దిగేటప్పుడో, అంత బరువుని ఇంజిను ఆపదు, టైరే ఆపాలి, గట్టి మంచుగడ్డ మీదైతే రబ్బరులో పొదిగిన ఈ మేకులే పట్టు, మామూలు మంచుకి ఈ మెత్తరబ్బరు చాలు, పైగా చప్పుడుండదు, మీతో బండిలో ఇంకెవరైనా వస్తుంటారా, ఎవరూ రారండీ, ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట, అతనే మొహం తిప్పుకున్నాడు, పాపం, సరే, నా బండికి మెత్తవున్నాయి, తమ్ముడి బండికి మేకులవి, రెండూ నడిపి చూడండి, అన్నాడు.

మొదట మెత్తవి, పిల్లి నడిచినట్టు పోతోంది బండి, ఆపితే చక్కగా ఆగుతోంది, కానీ ఈ నిశ్శబ్దం నాకు ఇంట్లోనే బోలెడుంది, ఫ్రిజ్ గురగుర ఆగినప్పుడల్లా తెలుస్తుంది, ఆదివారాలు బంగాళాదుంపలు ఒలుస్తూ రేడియోలో వాళ్ళడిగే ప్రశ్నలకి జవాబులు చెబుతుంటాను, ఇవి వద్దండీ, అదేంటి, బాగానే ఆగింది కదా, చప్పుడు లేదు, అందరూ చప్పుడుందని వద్దంటారు, మీరొకరు దొరికారు నాకు, అని తల కొట్టుకుని మేకుల బండి తాళం ఇచ్చి పక్కన కూర్చున్నాడు, మంచు లేని తారు మీద గరగర, పక్కనెవరో ఆపకుండా గొణుగుతున్నట్టు, హాయిగానే ఉంది, హాన్యా కొండ దిగుతున్నాం, కింద నీడలో రోడ్డంతా గడ్డకట్టి మెరుస్తోంది, అదుగో జింక, అన్నాడు యూలర్, ఎంత మెల్లగా అన్నాడంటే దానికి వినపడితే బెదురుతుందేమో అన్నట్టు, బ్రేకు తొక్కాను, మేకులు కరుచుకున్నాయి, జింక దాటిపోయింది.

వినపడింది నాకు, ఈ మోతలోనే ఒక్కో అక్షరం వినపడింది, ఆ రోజూ ఇలాంటి టైర్లే, ఈ రోడ్డే, స్టీరింగు కల్మెర్ చేతిలో, ఫిన్లాండులో పని ఖాయమైందని చెప్పాడు, వెళ్ళొద్దు కల్మెర్, నువ్వు లేకుండా నేనుండలేను, అన్నాను, యూలర్ ఇప్పుడన్నదానికంటే గట్టిగానే అన్నాను, ఏంటీ, టైర్ల మోతలో వినపడలేదు, అన్నాడు కల్మెర్, ఏం లేదులే అన్నాను, అలాంటి మాట రెండోసారి అనడానికి సిగ్గేసింది, ఆ తర్వాతెన్ని రాత్రులు ఆ టైర్లని తిట్టుకున్నానో, ఇంకోసారి అని ఉంటే ఉండిపోయేవాడేమో అని నన్ను నేను ఎంత తిట్టుకున్నానో, వెనకాల లారీ వస్తోంది డాక్టరమ్మా, కదులుదామా, కదులుతున్నానండీ, మేకులవే వెయ్యండి నా బండికి, అంటున్నాను, గొంతు మామూలుగానే ఉంది, ఆశ్చర్యం, ఏడుపు కూడా రావడం లేదు, ఆ రోజు నా మాట చిన్నదీ కాదు, మోత పెద్దదీ కాదు, కల్మెర్ విన్నాడు.