గాలి తగిలిన మూల

పచ్చిమేత మాగబెట్టిన పాతర మీది టార్పాలిన్ ఒక మూల ఎత్తగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. పుల్లటి వాసన రావలసిన చోట బూజు కంపు. మొక్కజొన్న మేత నల్లబడి చేతిలో జారింది.

పక్క పాక బాబాయి ముక్కు మూసుకున్నాడు. "ఏమ్మా, ఇది ఆవులకా, ఎరువుకా?"

నాన్న నేలచూపులు చూస్తున్నాడు.

ఎండలు ముదిరితే మా ఆవులకు ఈ పాతరే దిక్కు. ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కనుక, అందరూ నా మాట మీదే నడిచారు. కోసిన మొక్క వెంటనే చావదని, దానిలోని ఎంజైములు చక్కెరను కరిగిస్తూనే ఉంటాయని, గాలి అయిపోయాక మంచి సూక్ష్మజీవులు మిగిలిన చక్కెరను ఆమ్లంగా మార్చి మేతను కాపాడతాయని చెప్పాను. మళ్ళీ గాలి తగిలితే ఈస్టు లేచి ఆ ఆమ్లాన్నే తినేస్తుంది, వెనకాలే బూజు పడుతుంది. అందుకే మేతలో ఆ మంచి సూక్ష్మజీవుల పొడి కలిపి, గట్టిగా తొక్కించి, టార్పాలిన్ కదలకుండా పైన పాత టైర్లు పేర్పించాను.

ఈ మూల టైరు మాత్రం పక్కకు జరిగి ఉంది. ఎవరు జరిపారో నాకు తెలుసు.

"తప్పు నాదే బాబాయ్," అన్నాను. "సూక్ష్మజీవుల పొడి సరిగ్గా కలపలేదు."

"అయితే నాకీ పాతర పద్ధతి వద్దు తల్లీ. నా పంట ఎండబెట్టుకుంటాను."

నాన్న తలెత్తాడు. "పొడి బాగానే కలిపిందిరా. వచ్చినవాళ్ళకల్లా ఆ మూల ఎత్తి, మా అమ్మాయి చేసింది, వాసన చూడండి అని చూపించింది నేను."

బాబాయి చెయ్యి ముక్కు మీంచి జారింది. "నాకూ చూపించావు కదన్నయ్యా. బాగుందని మళ్ళీ ఎత్తమన్నాను కూడా."

నాన్న నా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నీకు పరువు తక్కువ చేశానమ్మా."

ఆ మాటతో నా మొహం మాడిపోయింది. పాక గోడ అవతల నిలబడి ఆ పొగడ్తలన్నీ విన్నాను నేను. ఎత్తొద్దని ఒక్క మాట అంటే సరిపోయేది.

"నాకు తెలుసు నాన్నా. వింటుంటే బాగుండి ఊరుకున్నాను."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నాన్న పార అందుకుని కుళ్ళిన మేత తీసి పారేయసాగాడు. నేను గంప పట్టాను. చాలా లోపలికి వెళ్ళాక లేత పసుపు రంగు కనిపించింది, పులుపు ముక్కుకి తగిలింది. సగానికి పైగా దక్కింది.

"సరే, పచ్చిగానే కోసి పాతర వేస్తాను," అన్నాడు బాబాయి. "కానీ నా పాతర దగ్గరికి మీరిద్దరూ రాకండి. నేనూ వెళ్ళను."

నాన్న నవ్వబోయి ఆగిపోయాడు. టార్పాలిన్ లాగి, టైరును ఆ మూలకు తనే దొర్లించాడు. దాని మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.