చల్లగా తగిలిన బూడిద

మరుగుతున్న చాయ్ గిన్నెను సారక్క ఉత్తచేతులతో దించి పక్కన పెట్టింది. మసిగుడ్డ ఆమెకు ఎన్నడూ అవసరం పడలేదు. ఇరవై రెండేళ్లుగా బొగ్గు పొయ్యి ముందు పనిచేసిన చేతులవి. అరచేతుల తోలు గట్టిపడి, నల్లగా, నున్నగా, చెప్పు అడుగులా తయారైంది. ఓపెన్‌కాస్టు గనిలో ఊరు పోయాక కాలనీలో ఇల్లిచ్చారు గానీ, ఆమె బతుకంతా ఈ రేకుల డబ్బా చాయ్ కొట్టులోనే గడిచింది. ముందు లారీల దారి, వెనక మట్టికట్ట, కట్ట దాటితే అడవి. షిఫ్టుకు పోయేవాళ్లూ షిఫ్టు దిగేవాళ్లూ ఇక్కడే ఆగుతారు.

బెంచీ మీద ఎల్లేశం ఆ చేతులనే చూస్తున్నాడు. ఎండాకాలం నాలుగు నెలలు అడవికి మంట అంటకుండా కాపలా కాయడం అతని పని. సన్నటి మనిషి, మోకాళ్ల దాకా మసి.

“అవి చేతులా, పెనాలా అక్కా?”

“నీలెక్క నీడపట్టున తిరిగితే నావి గూడ మెత్తగనే ఉండు.”

“నీడ యాడిది? ఆకంత రాలిపాయె.”

ఈ అడవి దానంతట అది అంటుకోదని, ప్రతిసారీ మనిషి చెయ్యే ఉంటుందని అతను రోజూ చెప్పేదే మళ్లీ చెప్పాడు. రాలిన ఇప్పపువ్వు కనబడాలని చెట్ల కింద ఆకు కాల్చేవాళ్లు కొందరు. బీడీ ఆకు కోసం తునికి చెట్టు కొత్త చిగురు వేయాలని కాల్చేవాళ్లు కొందరు. తేనెపట్టుకు పొగబెట్టిన కట్టెను అక్కడే పారేసేవాళ్లు, బీడీ ఆర్పనివాళ్లు. ఈ నెలలో అప్పుడే రెండు మంటలు. రెండింటికీ అందరి అనుమానం ఇప్పపువ్వు ఏరే కనకవ్వ మీదే. ఈ ఏడు చీపురుతోనే ఊడుస్తున్నానని ఆ ముసలామె ఒట్టు పెట్టుకుంది.

“ఇంకొక్కపారి అంటుకుంటే నా డ్యూటీ పోతది. అవ్వ మీద కేసు పెడతరట. గా వయసుల జైలుల ఎట్ల బతుకుతది?”

రెండు రోజులుగా నీళ్ల ట్యాంకరు రాలేదు. ఖాళీ డ్రమ్ము చూసి ఎల్లేశం తన నీళ్ల సీసాను డబ్బా మేకుకు తగిలించాడు. తడి గోనెపట్ట చుట్టిన పెద్ద సీసా అది.

“నాకు వాగు ఇసుకల తోడిన నీళ్ల చెలిమె ఉన్నది. నువ్వుంచుకో.”

ఆమె వద్దనేలోపే కట్ట దాటిపోయాడు.

సీసాలో సగం నీళ్లు చాయ్‌కి అయిపోయాయి. పదింటికి ఆమె పొయ్యి దులిపింది. రోజూ బూడిద తట్టలో రెండు చెంబుల నీళ్లు పోసి, బుసబుసలు ఆగాకే కట్ట అవతలి గుంతలో పారబోస్తుంది. ఇవాళ సీసా వైపు చూసి ఆగింది. తాగే నీళ్లు, అవీ ఇంకొకరివి, బూడిదలో పోయడానికి మనసొప్పలేదు. బూడిద తెల్లగా ఉంది. అరచెయ్యి పెట్టి చూసింది. వేళ్లు లోపలికంటా దించింది. చల్లగానే తగిలింది. పారబోసింది.

మధ్యాహ్నం కట్ట అవతల పొగ లేచింది. గాలి అడవి వైపు కొడుతోంది. చాయ్ తాగుతున్న లారీ డ్రైవరు సదానందంతో సారక్క అంది: “ముసల్ది మల్ల అంటిచ్చింది.”

ఆ మాట ఆమె నోటి నుంచే బయలుదేరింది. సదానందం నలుగురినీ పిలుచుకొని అడవిలోకి పరిగెత్తాడు.

నాలుగింటికి అతను తిరిగొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఎల్లేశం ఒక్కడే పచ్చికొమ్మతో మంటను కొడుతూ పొగలో పడిపోయాడట. దవాఖానకు తీసుకుపోతే ప్రాణం ఎప్పుడో పోయిందన్నారట.

“నోరంత పిడచగట్టుకపోయింది అక్కా. చెలిమెల సుక్క నీళ్లు లేవు.”

సారక్క చూపు మేకుకున్న సీసా మీదికి పోయింది.

ఆ వెనకే, అతని వెంట పోయినవాళ్లు కనకవ్వను నడిపించుకొచ్చారు. అటవీశాఖ జీపు వచ్చేదాకా కదలొద్దని బెంచీ పక్కన కూర్చోబెట్టారు. ఆమె ఒళ్లో పూల గంప, చేతిలో అరిగిన చీపురు.

“ఊడ్చిన బిడ్డా,” అంటోంది ఎవరికో. “ఊడ్చే ఏరిన.”

ఒకడు తిట్టాడు. ఇంకొకడు గంపను కాలితో తన్నాడు. సారక్క లేచి కట్ట ఎక్కింది. అవతల నేలంతా నలుపు. ఆ నలుపు అడవి వైపు వెడల్పుగా పరుచుకుంది, ఇటు వచ్చేకొద్దీ సన్నబడి, సన్నబడి, ఆమె బూడిద గుంత దగ్గర మొదలైంది. గుంతలోంచి ఒక బొగ్గు గడ్డను తీసి పగలగొట్టింది. లోపల ఎర్రగా ఉంది.

దాన్ని అరచేతిలో పట్టుకొనే వచ్చి అందరి మధ్య నిలబడింది.

“అవ్వ గాదు. నేను. పొద్దుగాల నేనే పారబోసిన.”

“పారెయ్యక్కా, చెయ్యి కాలుతాంది,” అన్నాడు సదానందం.

కమురు వాసన వేస్తోంది. సారక్కకు ఏమీ తెలియడం లేదు. చేతిలో నిప్పును అలా చూస్తూనే ఉంది. కనకవ్వ ఒక్కతే వంగి, నేల మీది పూలు మళ్లీ ఏరుకోసాగింది.

మేకుకు ఎల్లేశం సీసా వేలాడుతోంది, సగం నీళ్లతో, గోనెపట్ట మడతల్లో ఇంకా తడి ఆరకుండా.