అత్తగారు అడిగిన యుద్ధ కారణం

ప్రభుత్వం తరఫున పత్రికలవాళ్ళతో మాట్లాడే అధికారి ఎంత అబద్ధమైనా కనురెప్ప వేయకుండా చెప్పగలడు. సముద్రం అవతల యుద్ధం మొదలై ఎనిమిది నెలలైంది. మొదట అక్కడ భయంకరమైన ఆయుధాలున్నాయన్నాడు. అవి దొరక్కపోయేసరికి, ఆ జనానికి స్వేచ్ఛ ఇవ్వడానికి వెళ్ళామన్నాడు. ఆ జనం రాళ్ళు రువ్వాక, శాంతి కోసమన్నాడు.

చిక్కల్లా ఇంట్లోనే. ఆయన అత్తగారు కూతురి దగ్గరే ఉంటుంది. బళ్ళో లెక్కలు చెబుతూ ముప్పై ఏళ్ళు పిల్లల దొంగ సాకులు విన్న మనిషి. ఆవిడ చిన్నకొడుకు ఆ యుద్ధంలోనే ఉన్నాడు.

"మావాడు అక్కడేం చేస్తున్నట్టు, అల్లుడుగారూ?"

"శాంతి స్థాపిస్తున్నాడు, అత్తయ్యగారూ."

"పోయిన నెల స్వేచ్ఛ అన్నారే?"

ఆయన చెయ్యి కడిగేసుకుని ఆఫీసుకి పరిగెత్తేవాడు.

ఒక గురువారం ఆయన పత్రికలవాళ్ళతో మాట్లాడే వేళకి ఆవిడ అక్కడికే వచ్చింది. అల్లుడికి కేరేజీ తెచ్చానని కాపలావాణ్ణి దాటుకుని, విలేకరుల మధ్య కూర్చుని చెయ్యెత్తింది.

"మీది ఏ పత్రికమ్మా?" అన్నాడు గుమాస్తా.

"పత్రికా లేదు, పాడూ లేదు. నేను ఆయన అత్తగారిని."

హాలంతా గొల్లున నవ్వింది. నవ్వులు ఆగేదాకా ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

"మావాడు పొద్దస్తమానం ఓడరేవుకి కాపలా కాస్తున్నాడట. ఓడరేవుకి స్వేచ్ఛ దేనికి బాబూ?"

అధికారి చేతిలో రాసిపెట్టిన జవాబు ఉంది. కాని హోంవర్కు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు ఆవిడ చూస్తుంటే ఆయన దాన్ని చదవలేకపోయాడు.

"ఓడరేవు కోసమే వెళ్ళామండీ. మన సరుకు ఓడలకి ఆ దారి కావాలి. మొదట్నుంచీ అంతే."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. అప్పటికే కలాలు పరుగెడుతున్నాయి.

మర్నాడు అధికారికి ఒంట్లో బాగాలేదని ప్రభుత్వం ప్రకటించింది. వారం తిరక్కుండా ఆయన్ని వర్షపాతం వివరాల శాఖకి బదిలీ చేశారు. ఆయన భార్య తన తల్లితో రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు ఉదయం తలుపు తీస్తే మెట్ల నిండా సైనికుల తల్లులు. నలభైమందికి తక్కువుండరు. అత్తగారు ఇంట్లో కుర్చీలన్నీ బయట వేయించింది. వాళ్ళు అడిగితే అల్లుడు ఓడరేవు మాటే మళ్ళీ చెప్పాడు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరి మా పిల్లలు ఎప్పుడొస్తారు నాయనా?"

"నాకు నిజంగా తెలియదమ్మా."

ఆ మాటని ఎవరూ అనుమానించలేదు. పిల్లల్ని వెనక్కి పిలిపించమని అందరూ కలిసి ప్రభుత్వానికి అర్జీ పెడదామనుకున్నారు. ఆయన అలవాటుకొద్దీ ఎనిమిది పేజీలు రాశాడు. అత్తగారు ఎర్రసిరాతో కొట్టేసుకుంటూ పోతే ఆరు వాక్యాలు మిగిలాయి. సంతకాలు చేసి, ఆ మధ్యాహ్నమే పోస్టులో వేశారు.