మంచినీళ్ల పైపు

మూత తిప్పగానే మీద పడింది. విమానం తోక కింద బండి పైమెట్టు మీద నిలబడ్డ అత్తరుకు తల తిప్పుకునే వ్యవధి లేకపోయింది. వాసన చంపే నీలిరంగు మందు కలిసిన మలమూత్రం నుదుటి మీంచి జారి, మెడ వెంట చొక్కాలోకి దిగింది. నోరు బిగించి, గుడ్డిగానే పైపు తగిలించి మీట లాగాడు. పైనున్న ట్యాంకు ఖాళీ అయి, కడిగిన నీళ్లు కూడా బండిలోకి వచ్చేశాక గానీ కిందికి దిగలేదు.

విమానాల మరుగుదొడ్లు ఖాళీ చేసేవాడికి అత్తరు అన్న పేరు తోటివాళ్లు పెట్టారు. పిలిస్తే అందరికన్నా ముందు అతనే నవ్వేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. పడ్డందుకు కాదు, ఈ పనిలో ఎప్పుడో ఒకప్పుడు పడనిదెవరి మీద? ఈ విమానం ట్యాంకు లోపలి మూత కారుతోందని నిన్ననే సూపర్‌వైజరుకు చెప్పాడు. పొద్దున మళ్లీ అడిగితే, బాగు చేయించానని పాప మీద ఒట్టేశాడు. సూపర్‌వైజరు పరాయివాడు కాదు, అక్క మొగుడు. పాప తను భుజాన వేసుకు తిప్పిన మేనకోడలు. ఆ ఒట్టు విన్నాకే మూత మీద చెయ్యేశాడు.

కుళాయి దగ్గర కడుక్కుంటుంటే బావ వచ్చాడు.

"బాగు చేయించలేదు కదా బావా?"

బావ అటూ ఇటూ చూశాడు. మరమ్మతని విమానం ఆపితే కాంట్రాక్టు చేజారుతుందని, అందరి నోటికాడ కూడు పోతుందని నచ్చజెప్పాడు. నీ వంతు వస్తుందనుకోలేదన్నాడు. అంటే ఇంకొకడి ముఖాన పడితే ఫరవాలేదన్నమాట.

బావ అంతటితో వదల్లేదు. విమానాల్లోకి తాగే నీళ్లు ఎక్కించే మంచినీళ్ల బండి పెద్దావిడను పనిలోంచి తీసేశారట. ఇకనుంచి ఆ బండీ నువ్వే చూసుకోవాలంటూ తాళంచెవి అందించబోయాడు. మరుగుదొడ్డి పైపు పట్టినవాడు ఆ రోజు మంచినీళ్ల పైపు తాకకూడదు. పనిలో చేరిన కొత్తలో, ఇద్దరూ ఒకే బండి మీద ఉన్నప్పుడు, నెత్తిన మొట్టి మరీ ఆ పాఠం నేర్పింది ఈ బావే.

"ఇప్పుడు సబ్బుతో కడుక్కున్నావుగా. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు బావ.

"చొక్కా ఇంకా నా ఒంటి మీదే ఉంది. ఆ నీళ్లు జనం తాగేవి బావా. నేను పట్టను."

"పని పోతుంది బామ్మర్దీ. నా చేతుల్లో ఏమీ లేదు. మీ అక్కకు నేనేం చెప్పుకోను?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

బావ ముఖం మాడిపోయింది. నాలుగేళ్లుగా పైపు ముట్టని మనిషి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ తనే మంచినీళ్ల బండి వైపు నడిచాడు. నిన్నటిదాకా ఆ బండి నడిపిన పెద్దావిడ చేతితొడుగులు ఇంకా అద్దం ముందే ఉన్నాయి. అత్తరు ముందుగా వెళ్లి, తడిబట్టలతోనే ఆ బండి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"తప్పుకో," అన్నాడు బావ.

"పాప మీద దొంగ ఒట్టేసినవాడి చేత ఈ నీళ్లు పట్టనివ్వను బావా," అన్నాడు అత్తరు, కదలకుండా. పైన మెట్ల మీద ప్రయాణికులు ఒక్కొక్కరే విమానంలోకి ఎక్కుతున్నారు.