పది నీలి పొరలు

పళ్లెంలోని పది పొరలూ నీలంగా ఉన్నాయి.

పరిశోధక విద్యార్థిని లక్ష్మీప్రియ పళ్లెం మీదికి వంగింది. గోరంత జెల్లీ పొరలవి. నీళ్లు పీల్చుకుని తేటగా ఉండాలి. గ్లూకోజ్ తగిలితేనే నీలం తిరగాలి. ఆప్టికల్ ఫైబర్ కొసకు పొరను అతికించి, కాంతి పంపి, నీలం ఎంత ముదిరిందో చూసి రక్తంలో చక్కెర ఎంతో చెప్పడం ఆమె నాలుగేళ్ల కష్టం. ఒకసారి నీలమైన పొర ఇక పనికిరాదు. వాటి పనితీరు చూడడానికి ఢిల్లీ నిపుణులు పదకొండింటికి వస్తున్నారు. ఇప్పుడు పదిన్నర.

"ఎవడో తీపి చేత్తో తాకినాడు!" ఆమె గైడు ప్రొఫెసర్ గోపాలస్వామి అరిచాడు. "ఎవడో ఏంది, ఈ కన్నియప్పనే!"

పదహారేళ్లుగా ఆ ల్యాబులోనే అటెండరుగా ఉన్న కన్నియప్పన్ చేతులు కట్టుకున్నాడు.

"నేను తాకలా సార్. లోపల పూజ వద్దన్నారు గదా. ఆయుధపూజ సెలవులకు ముందే తలుపుకు కుంకం పెట్టి, ఆడ గడపలోనే బొరుగులు, పుట్నాలు పెట్టి దండం పెట్టుకున్నా. అంతే."

"సైన్సు చేసే చోట ఆయుధపూజ ఏందయ్యా అని ప్రతి ఏడూ మొత్తుకుంటానే ఉండా! ఈసారి వదల్ను. మెమో ఇచ్చి ఇంటికి పంపిస్తా."

"సార్, ఈ వయసులో నన్ను ఎవురు పనిలో పెట్టుకుంటారు?"

లక్ష్మీప్రియ పళ్లెం మూతను తిరగేసింది. లోపలి అంచున గోధుమరంగు మరక, జిగటగా. వాసన చూసింది. అరటిపండు, నెయ్యి, తేనె.

"అన్నా, బొరుగుల్లో పండు కలిపినారా?"

"లేదమ్మా. పొడి బొరుగులే. తడి ఏడుంది?"

రెండు రోజులు ల్యాబు మూసే ఉంది. తాళంచెవులు రెండే. ఒకటి కన్నియప్పన్ మొలతాడుకు వేలాడుతోంది. రెండోది...

ఈలోగా గోపాలస్వామి బ్రీఫ్‌కేసు తెరిచి, ఊరు చెన్నై అయినా ఇంకా మద్రాసు అనే అచ్చయి ఉన్న లెటర్‌హెడ్ లాగి, నాలుగు వరుసలు బరికాడు. "పట్టు. సంతకం పెట్టు."

కన్నియప్పన్ అందుకుని వేళ్లు విదిలించాడు. "సార్, కాయితం అంటుకుంటా ఉంది."

లక్ష్మీప్రియ చటుక్కున కత్తెర అందుకుని కాగితంలో ఆ జిగట మూల కత్తిరించింది. దాన్ని రెండు చుక్కల నీళ్లలో నానబెట్టి, ఫ్రిజ్ లోంచి వేరే సీసా తీసింది. అందులో తేటగా మిగిలినవి రెండే పొరలు.

"ఏయ్ ప్రియా! ఉండేదే రెండు! ఒకటి వాడేస్తే, రెండోది పనిచెయ్యకపోతే?"

"పనిచేస్తుంది సార్. నేను చేసిన పొర."

పొర నీళ్లలో పడింది. ముగ్గురూ వంగి చూశారు. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత అంచుల్లో లేత నీలం. చూస్తుండగానే నేరేడు పండు రంగు.

"రెండో తాళంచెవి మీ దగ్గరే గదా. నిన్న ఇటు వచ్చినారా సార్?" ఆమె మెల్లగా అడిగింది.

గోపాలస్వామి చూపు బ్రీఫ్‌కేసు మీదికి పోయింది. లోపల అరటిపండు, నెయ్యి, తేనె కలిపి చేసే పళని గుడి ప్రసాదం, పంచామృతం డబ్బా మూత వదులై, కాగితాల మీదికి కారుతోంది.

తలుపు తోసుకుని డైరెక్టర్ పుష్పవల్లి వచ్చింది. "వాళ్ల కారు గేటు కాడికి వచ్చేసింది. పది పొరలు పోయినాయంట గదా? మెమో రాస్తా ఉండారంట?"

"రాస్తా ఉండాను మేడమ్... ఇంకా ఎవురనేది..." గోపాలస్వామి లక్ష్మీప్రియ వైపు చూశాడు. ఆమె థీసిస్ మీద సంతకం చెయ్యాల్సింది ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కన్నియప్పన్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఎవురమ్మా? పేరు చెప్పు," అంది పుష్పవల్లి.

లక్ష్మీప్రియ మెమో కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"కన్నియప్పన్ అన్న కాదు మేడమ్. పొరల మీద పంచామృతం చల్లి పూజ చేసింది గోపాలస్వామి సారే."