తడి ఆరని కళ్ళద్దాలు

ఉదయం ఆటకి రెండు గంటల ముందే ఆమె త్రీడీ కళ్ళద్దాలు కడగడానికి కూర్చుంటుంది. గోరువెచ్చని నీళ్ళ తొట్టి, మెత్తటి గుడ్డ, రెండొందల నలభై జతలు. ఒక్కో జతా పెట్టుకుని, మరకలున్నాయేమో చూసి, ట్రేలో పేరుస్తుంది.

తడి ఆరకముందు వాటిలోంచి చూస్తే, మనసులో ఉన్నదే మాట్లాడే మనిషి నిండుగా కనిపిస్తాడు. అబద్ధమాడేవాడు గోడమీద పోస్టరులా పలచగా అతుక్కుపోతాడు. ఆ సంగతి థియేటర్లో అందరికీ తెలుసు. "మా వాడికింకా మూడేళ్ళు నిండలేదండీ" అనే తల్లుల కోసం టిక్కెట్లిచ్చే ఆయన రోజూ ఒక జత పట్టుకెళ్తాడు. క్యాంటీన్ ఆవిడ పాలవాడి కోసం ఇంకొకటి.

ఆమె మాత్రం వాటితో బావని ఎప్పుడూ చూడలేదు. అక్క మొగుడు, ఈ ఉద్యోగం ఇప్పించినవాడు, పక్కనున్న పెద్ద తెర హాలుకి ఆపరేటరు. గోడలెక్కిన నినాదాలన్నీ నోటికి వచ్చు కాబట్టి అందరూ ఆయన్ని 'నినాదం' అంటారు.

ఇద్దరికీ రోజూ ఒకటే గొడవ.

"ఆరంతస్తుల తెర నాది," అనేవాడు బావ. "మెడెత్తి చూడాలి. కంటి చివర కూడా బొమ్మే. నీదేముంది? కుడికంటికో బొమ్మ, ఎడమకంటికో బొమ్మ చూపించి మోసం చెయ్యడం."

"మోసమైతే జనం చెయ్యెందుకు చాస్తారు? నీ తెరమీద కొండ ఎంత పెద్దదైనా అక్కడే ఉంటుంది బావా. నా హాల్లో వాన పడితే ముసలాళ్ళు కూడా తలమీద చెయ్యి పెట్టుకుంటారు. అయినా అసలు వెండితెర నాదే. నిజంగా వెండిపూత. నీది తెల్ల దుప్పటి."

"దుప్పటే. అందరికీ సరిపోయే దుప్పటి."

ఆ మాటలు ఆమెకి ఇష్టం.

ఈ నెల యజమాని ఇక ఒక్క హాలే నడుపుతానన్నాడు. బావ రెండు హాళ్ళ పదకొండుమంది పనివాళ్ళనీ కూర్చోబెట్టాడు. "ఒకరి మీద వేటు పడితే అందరి మీదా పడినట్టే. అందరం రాజీనామాలు రాసి నా దగ్గరుంచుదాం. ఏ హాలు మూసినా పదకొండూ ఒకేసారి ఆయన బల్లమీద పడతాయి."

ముందు చప్పట్లు కొట్టింది ఆమే. త్రీడీ హాల్లో మిగతా ముగ్గురూ ఆ సాయంత్రమే రాసిచ్చేశారు.

మర్నాడు పొద్దున ఆమె తడి కళ్ళద్దాల్లో మరకలు చూస్తుండగా బావ వచ్చాడు.

"నీ ఒక్కదానిదే మిగిలింది. సంతకం పెట్టు. కూతురిలాంటిదానివి, నీకు అన్యాయం చేస్తానా?"

ఆమె తలెత్తింది. కళ్ళద్దాలు తియ్యడం మరిచిపోయింది.

గుమ్మంలో బావ బొమ్మ ఉంది. చొక్కా గీతలు, మీసం, నవ్వు, అన్నీ ఒకే మట్టంలో. కాస్త పక్కకి తిరిగేసరికి గీతంత అయిపోయాడు. ఆ గీత వెనక ఆయన దాచుకున్న కాగితం మాత్రం చేతికందేంత దగ్గరికి పొడుచుకొచ్చింది. త్రీడీ హాలు నలుగురూ ఇష్టపూర్వకంగా వెళ్ళిపోతున్నట్టు, బావ మేనేజరవుతున్నట్టు అందులో రాసుంది. కింద రెండు సంతకాలు, యజమానిదీ బావదీ.

తన హాల్లో జనంలా చెయ్యి చాచబోయి ఆపుకుంది. నమ్మినవాళ్ళ చేతే వాళ్ళ ఉరితాడు పేనించడం ఇంత తేలికని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"మా వాళ్ళ ముగ్గురివీ ఇలా ఇవ్వు బావా. ఎలా రాశారో చూసి రాస్తాను."

ఇచ్చాడు. మూడింటినీ తొట్టిలో ముంచింది. నీళ్ళు నీలమయ్యాయి.

"ఏంటే ఇది?"

"ఒకరి మీద వేటు పడితే..." అంది. మిగతాది ఆయనకి నోటికి వచ్చు.

నలుగురూ తమంతట తాము వెళ్ళందే, పరిహారం కట్టకుండా హాలు మూయడం యజమానికి కుదరదు. మధ్యాహ్నం రెండు తెరలమీదా ఆట పడింది.

సాయంత్రం ఆమె తడిగుడ్డలో చుట్టిన ఒక జత తీసుకెళ్ళి, జరిగింది చెప్పి, అక్క చేతిలో పెట్టింది. అక్క పొడిగుడ్డ తెచ్చి రెండద్దాలూ శుభ్రంగా తుడిచింది.

"నాకెందుకే ఇవి? పెళ్ళైన కొత్తలో మీ బావ మీ హాలుకే సినిమాకి తీసుకెళ్ళాడుగా. ఆ రోజు తడివే ఇచ్చారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకేం కాదనుకున్నానే. ఒట్టు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని అక్కవైపు చూసింది. అప్పటికే ఆరిపోయాయి.